వెడల్పు పాదాలకు ఫుట్‌బాల్ బూట్లు

వేళ్ల మొదళ్ల దగ్గర మామూలు బూటుకన్నా ఎక్కువ చోటు ఉండేలా తయారుచేసిన బూట్లను, లేదా వాడకంలో అంత చోటు ఇవ్వగలిగిన బూట్లను వెడల్పు పాదాల ఫుట్‌బాల్ బూట్లు అంటారు. బూటు అడుగున నేలను పట్టుకునే బుడిపెలు స్టడ్లు. మన మైదానాల్లో పిల్లలు మొత్తం బూటునే ఆ పేరుతో పిలుస్తారు; ‘స్టడ్స్ కొనాలి’ అంటే బూట్లు కొనాలనే అర్థం. అమెరికాలో ఇవే క్లీట్స్.

పాదానికి పొడవు ఒక కొలత, వెడల్పు వేరే కొలత. బూట్ల పెట్టెల మీద మాత్రం చాలావరకు ఒక్క పొడవు అంకే ఉంటుంది. వెడల్పు పాదం ఉన్న ఆటగాడికి వచ్చే ఇబ్బందులన్నిటికీ మూలం ఇక్కడే ఉంది. ఇరుకు బూటు కరుస్తుంది కాబట్టి అతను ఒకటి రెండు సైజులు పెద్దది కొంటాడు. అది పక్కల సరిపోతుంది గానీ ముందు ఖాళీగా ఉంటుంది, మడమ దగ్గర జారుతుంది. చివరికి తన పాదమే సరిగా లేదనుకుంటాడు. భారతీయుల పాదాల మీద జరిగిన పెద్ద సర్వే చెప్పేది ఇందుకు విరుద్ధం: ఇక్కడ వెడల్పు పాదమే మామూలు పాదం.

వెడల్పు: అర్థం, కొలమానాలు

పాదంలో 26 ఎముకలు ఉంటాయి. వాటిలో పాదం మధ్యభాగం నుంచి వేళ్ల వైపు సాగే అయిదు పొడవాటి ఎముకలను మెటాటార్సల్స్ అంటారు. వాటి తలలు వరసగా నేలకు ఆనే చోట, అంటే బొటనవేలి మొదలు నుంచి చిటికెనవేలి మొదలు వరకు, పాదం అన్నిటికన్నా వెడల్పుగా ఉంటుంది. చెప్పుల పరిశ్రమ ఈ చోట రెండు కొలతలు తీసుకుంటుంది. ఒకటి అడ్డంగా ఉండే వెడల్పు, రెండోది టేపు చుట్టి చూసే చుట్టుకొలత. ఒకే వెడల్పున్న ఇద్దరిలో ఒకరి పాదం పలుచగా, మరొకరిది మందంగా ఉండవచ్చు. వారిద్దరికీ ఒకే బూటు సరిపోదు. పాదం పైభాగం ఎత్తుగా ఉన్నవారు తమది వెడల్పు పాదమని పొరపడడం మామూలే. అలాంటివారికి కావలసింది వెడల్పు కాదు, లేసుల కింద చోటు.

చదునుపాదం కూడా వేరే సంగతి. అరికాలి వంపు తక్కువగా ఉండడం చదునుపాదం, ముందుభాగం విశాలంగా ఉండడం వెడల్పు పాదం. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు, ఉండకపోనూవచ్చు.

పొడవు కొలతల్లో బ్రిటిష్, అమెరికన్ సైజులు అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతాయి. యూరప్ సైజులో మెట్టు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, సుమారు 6.7 మిల్లీమీటర్లు. వెడల్పుకు అక్షరాలు వాడతారు. అమెరికా పద్ధతిలో మగవారికి డి మామూలు, 2ఇ వెడల్పు, 4ఇ మరీ వెడల్పు. ఆడవారికి బి మామూలు. చెప్పుల దుకాణాల్లో పాదం పెట్టి కొలిచే లోహపు పలకను న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌కు చెందిన చార్లెస్ బ్రానక్ 1920లలో రూపొందించాడు. పొడవు, వెడల్పు రెండూ ఒకేసారి చూపే ఆ పలకకు ఇప్పటికీ అతని పేరే.

జపాన్ ప్రమాణంలోనూ ఇ, 2ఇ, 3ఇ, 4ఇ ఉన్నాయి. అయితే అక్కడి మగవారి బూట్లలో 2ఇని మామూలుగా, 3ఇని వెడల్పుగా లెక్కిస్తారు. అందువల్ల జపాన్ బూటు మీది 2ఇని అమెరికన్ 2ఇతో సమానమనుకోకూడదు. పాదం పొడవు, వెడల్పు రెండింటినీ నేరుగా మిల్లీమీటర్లలో రాసే అంతర్జాతీయ పద్ధతి మాండోపాయింట్. అన్నిటికన్నా తేటగా ఉండేది ఇదే అయినా ఫుట్‌బాల్ బూట్ల వ్యాపారంలో దీనికి చోటు దక్కలేదు.

చరిత్ర

ఫుట్‌బాల్ ఆడడానికని ప్రత్యేకంగా చేయించిన బూట్ల తొలి ప్రస్తావన ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ వస్త్రాగారపు లెక్కల్లో, 1526లో, కనిపిస్తుంది. రాజు పాదం కొలిచి కుట్టిన జత అది. తర్వాత మూడు వందల ఏళ్లకు పైగా సామాన్యులకు ఆట బూటు, పని బూటు ఒకటే. ఫ్యాక్టరీ కార్మికులు ముందు ఉక్కు రేకు ఉన్న బరువైన తోలు బూట్లతోనే మైదానంలోకి దిగేవారు. 1863లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ రాసిన తొలి నిబంధనలు బయటికి పొడుచుకొచ్చే మేకులను, ఇనుప రేకులను నిషేధించాయి. 1891 నుంచి పరిమిత ఎత్తులో తోలు స్టడ్లు, పట్టీలు అనుమతి పొందాయి.

జర్మనీలో డాస్లర్ సోదరులు విడిపోయాక రుడాల్ఫ్ 1948లో ప్యూమాను, అడాల్ఫ్ 1949లో అడిడాస్‌ను స్థాపించారు. 1954 ప్రపంచ కప్ ఫైనల్ బెర్న్ నగరంలో వానలో జరిగింది. మరమేకులా తిప్పి బిగించే స్టడ్లున్న అడిడాస్ బూట్లతో పశ్చిమ జర్మనీ 3-2తో హంగరీని ఓడించింది. అప్పటినుంచి బూటు కూడా ఆట తీరును మార్చే పరికరంగా గుర్తింపు పొందింది.

వెడల్పు పాదాల దృష్టితో చూస్తే తర్వాతి చరిత్రలో రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి మెత్తటి తోలు దారి. ప్యూమా కింగ్, 1982 స్పెయిన్ ప్రపంచ కప్ కోసం రూపొందిన అడిడాస్ కోపా ముండియల్, 1985లో మొదలైన జపాన్ సంస్థ మిజునో వారి మొరేలియా ఈ కోవలోవి. కంగారూ తోలుతో చేసిన ఈ బూట్లు కొన్ని ఆటల్లోనే పాదం ఆకారానికి ఒదిగేవి. వెడల్పు పాదాలవారు దశాబ్దాలపాటు వీటినే నమ్ముకున్నారు. రెండోది వేగం దారి. 1998లో వచ్చిన నైకీ మెర్క్యూరియల్‌తో తేలికైన కృత్రిమ పదార్థం, సన్నటి నడుము, పాదాన్ని గట్టిగా పట్టుకునే ఆకారం ఫ్యాషన్ అయ్యాయి. 2014లో నైకీ, అడిడాస్ రెండూ అల్లిక పైభాగంతో బూట్లు తెచ్చాయి. 2023లో నైకీ, ప్యూమా కంగారూ తోలు వాడకానికి స్వస్తి చెప్పాయి. 2025లో అడిడాస్ కూడా అదే ప్రకటించింది. అడవి జంతువుల వధపై ఆందోళన దీనికి కారణం. ఆ తోలుకున్న సాగే గుణాన్ని కృత్రిమ పదార్థంలో తేవడం ఇప్పుడు తయారీదారుల ముందున్న పని.

భారతదేశంలో బూటు, వట్టి పాదం

ఈ దేశంలో ఫుట్‌బాల్ చాలాకాలం వట్టి కాళ్లతోనే సాగింది. 1911 జూలై 29న కలకత్తాలో ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించిన మోహన్ బగాన్ జట్టులో బూట్లు వేసుకున్నది ఒక్కరే. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌పై 1-2తో ఓడినప్పుడు కూడా భారత ఆటగాళ్లలో ఎక్కువమంది వట్టి కాళ్లతో ఆడారు. 1952లో హెల్సింకీ చలిలో యుగోస్లావియా చేతిలో 1-10 ఓటమి తర్వాతే దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి.

బూట్ల కాలంలోకి భారత జట్టును నడిపించింది హైదరాబాద్‌కు చెందిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన హయాంలో జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. సికింద్రాబాద్ ఆటగాడు తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఉన్నాడు. వట్టి కాళ్లతో ఆడడాన్ని కేవలం పేదరికమని కొట్టిపారేయడం సరికాదు. బంతి స్పర్శ బాగా తెలుస్తుందన్నది ఆనాటి ఆటగాళ్ల వాదన. చిన్నప్పటినుంచి చెప్పులు లేకుండా విచ్చుకున్న పాదానికి యూరప్ ఆకారపు తోలు బూటు ఎంత ఇరుకుగా తోచి ఉంటుందో ఊహించడమూ కష్టం కాదు.

పాదం ఎందుకు వెడల్పవుతుంది

వంశపారంపర్యం, శరీర బరువు, వయసు, గర్భధారణ వంటి కారణాలతో పాటు పెరిగే వయసులో ఏం తొడుక్కున్నామన్నది కూడా ముఖ్యం. 1905లో హాఫ్‌మన్ అనే వైద్యుడు వట్టి కాళ్లతో తిరిగే ప్రజల పాదాలను బూట్లకు అలవాటుపడినవారి పాదాలతో పోల్చాడు. మొదటివారి వేళ్లు విసనకర్రలా విచ్చుకుని ఉన్నాయి. రెండోవారి వేళ్లు బూటు ముక్కు ఆకారంలోకి ఒత్తుకుపోయాయి. 2009లో బెల్జియం పరిశోధకులు దక్షిణ భారతంలో చేసిన అధ్యయనంలో జీవితాంతం వట్టి కాళ్లతో నడిచినవారి పాదాల ముందుభాగం వెడల్పుగా ఉందని, అరికాలి మీద ఒత్తిడి మరింత సమంగా పరుచుకుందని తేలింది.

మణిపాల్ వైద్యులు రావు, జోసెఫ్ 2300 మంది పిల్లల పాదముద్రలు పరిశీలించి 1992లో ప్రచురించిన ఫలితాలు చదునుపాదానికి సంబంధించినవి. బూట్లు, చెప్పులు తొడిగే పిల్లల్లో 8.6 శాతానికి, తొడగనివారిలో 2.8 శాతానికి చదునుపాదం ఉంది. ముందుభాగం మూసి ఉన్న బూట్లు వేసే పిల్లల్లో అది ఎక్కువగా కనిపించింది. ఎదిగే పాదాన్ని బూటు మలుస్తుందన్న మాటకు ఇది బలమైన ఆధారం.

భారతీయ సైజుల ప్రయత్నం ‘భా’

మన దేశంలో నేటికీ వాడుకలో ఉన్నవి బ్రిటిష్ పాలనలో వచ్చిన సైజులు. వీటి స్థానంలో భారతీయ పాదాలకు తగిన పద్ధతి కోసం చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధనా సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు సర్వే చేసింది. దేశమంతటా 79 చోట్ల 1,01,880 మంది పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచింది. సగటు భారతీయ పాదం యూరప్, అమెరికా వాసుల పాదంకన్నా వెడల్పని తేలింది. ఇరుకు బూట్లు తప్పించుకోవడానికి చాలామంది అవసరానికి మించి పొడవైనవి వాడుతున్నారని కూడా ఆ సర్వే గుర్తించింది. ప్రాంతానికో కొలత అవసరం రాదని, దేశమంతటికీ ఒకే పద్ధతి చాలని తేల్చి, వయసును, ఆడ మగ తేడాను బట్టి ఎనిమిది వర్గాలను ప్రతిపాదించింది. ఈ పద్ధతికి భారత్ అన్న మాటలోని తొలి అక్షరమే పేరు: ‘భా’.

ఇరుకు బూటు చేసే హాని

మొదట వచ్చేవి బొబ్బలు, తర్వాత ఆనెకాయలు. పరుగు ఆపినప్పుడల్లా వేళ్లు ముందుకు గుద్దుకోవడం వల్ల గోరు కింద రక్తం కట్టి నల్లబడుతుంది. పక్కనుంచి ఒత్తిడి పడితే గోరు అంచు చర్మంలోకి దిగుతుంది. ఏళ్ల తరబడి ఒత్తిడి సాగితే బొటనవేలు లోపలికి వంగి దాని మొదట్లో ఎముక పొడుచుకువచ్చే బునియన్ ముదురుతుంది; చిటికెనవేలి వైపు కూడా ఇలాంటి బుడిపె వస్తుంది. మెటాటార్సల్ ఎముకల మధ్య నరం ఒరుసుకుని మందమైతే మూడో, నాలుగో వేళ్ల మధ్య మంట, తిమ్మిరి కలుగుతాయి. దీన్ని మార్టన్ న్యూరోమా అంటారు.

ఫుట్‌బాల్ ఆటగాళ్లలో తరచూ వినిపించే మరో గాయం అయిదో మెటాటార్సల్ విరగడం. ఈ ఎముక మొదట్లో వచ్చే విరుపును 1902లో వర్ణించిన బ్రిటిష్ వైద్యుడు రాబర్ట్ జోన్స్ పేరుతోనే జోన్స్ ఫ్రాక్చర్ అంటారు; ఆయన వర్ణించిన వాటిలో నాట్యం చేస్తూ విరిగిన తన సొంత ఎముక కూడా ఉంది. ఈ గాయానికి పాదం ఆకారం, నేల గట్టిదనం, ఆట మోతాదు వంటి కారణాలు ఎన్నో కలుస్తాయి. బూటు ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టలేం. అయినా పాదం అంచు సోల్ మీదనుంచి బయటికి వేలాడితే చిటికెనవేలి వైపు ఎముకకు కింద ఆసరా తగ్గుతుందన్నది గమనించాలి.

ఆట తర్వాత అరగంటలో పోయే నొప్పి వేరు, మర్నాడు పొద్దున కూడా అదే చోట పొడిచే నొప్పి వేరు. రెండోది ఉన్నప్పుడు బూటు మార్చడంతో ఊరుకోకుండా ఎముకల వైద్యుడికి చూపించుకోవాలి.

బూటు నిర్మాణం: చోటు ఎక్కడ దొరుకుతుంది

బూటును లాస్ట్ అనే పాదం ఆకారపు అచ్చు మీద తయారుచేస్తారు. అచ్చు ఎంత వెడల్పో బూటు అంతే. ఒక కంపెనీ వేర్వేరు మోడళ్లకు వేర్వేరు అచ్చులు వాడుతుంది కాబట్టి ‘ఫలానా కంపెనీ బూట్లు వెడల్పు’ అన్న మాటకు విలువ తక్కువ. మోడల్ పేరుతో చెబితేనే పనికొస్తుంది. అచ్చు మారినప్పుడు అదే పేరుతో వచ్చే కొత్త తరం బూటు కూడా మారుతుంది.

పైభాగం సాగుతుంది. కంగారూ తోలు, దూడ తోలు బాగా సాగుతాయి. మందపాటి ఆవు తోలు నెమ్మదిగా సాగుతుంది. అల్లిక పైభాగం మొదటిరోజే కొంత ఒదుగుతుంది. చౌక బూట్లలో వాడే కృత్రిమ తోలు సాగడం చాలా తక్కువ. దుకాణంలో ఇరుకనిపిస్తే అది ఇంటి దగ్గరా ఇరుకే. ‘వాడుతుంటే సాగుతుందిలే’ అన్న అమ్మకందారు మాట మెత్తటి తోలు విషయంలోనే నిజం.

అడుగున ఉండే గట్టి ప్లాస్టిక్ పలక మాత్రం ఏ బూటులోనూ సాగదు. పాదం ఆ పలకకన్నా వెడల్పైతే, పైభాగం ఎంత మెత్తనిదైనా పాదం అంచు దాని మీదనుంచి పక్కకు జారుతుంది. దిశ మార్చినప్పుడు పాదం బూటు లోపలే దొర్లుతున్నట్టు అనిపించడానికి ఇదే కారణం. కొన్నాళ్లకు చిటికెనవేలి పక్కన పైభాగం సోల్ నుంచి ఊడివస్తుంది. పాత బూటు అక్కడే చిరిగిందంటే ఆ అచ్చు ఆ పాదానికి చాలలేదనడానికి వేరే రుజువు అక్కర్లేదు.

పొడవు పెంచి వెడల్పు తెచ్చుకోవడం ఎందుకు నష్టమో లెక్క వేస్తే తెలుస్తుంది. అచ్చుల సంప్రదాయ కొలతల్లో ఒక సైజు పెరిగితే చుట్టుకొలత పావు అంగుళం పెరుగుతుంది. వెడల్పులో ఒక అక్షరం పెరిగినా అంతే. డి నుంచి 2ఇకి రెండు మెట్లు, అంటే అర అంగుళం. ఆ అర అంగుళాన్ని సైజు పెంచి సాధించాలంటే రెండు సైజులు పైకి వెళ్లాలి. అప్పుడు పొడవు దాదాపు 17 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బంతిని బూటు ముక్కుతో తాకే అంచనా తప్పుతుంది. పాదం వంగే చోటు ఒకటి, బూటు వంగే చోటు మరొకటి అవుతుంది. స్టడ్లు ఎముకల తలల కింద కాకుండా పక్కకు పడతాయి. మడమ జారి బొబ్బలెక్కుతుంది. అర సైజు పెంచడం వరకు ఫరవాలేదు. అంతకు మించి పెంచాల్సి వస్తే మోడల్ మార్చుకోవడం మంచిది.

నేలను బట్టి రకాలు

ఫుట్‌బాల్ నిబంధనల్లో నాలుగోది ఆటగాడి దుస్తులకు, పరికరాలకు సంబంధించినది. పాదరక్షలు తప్పనిసరి అని చెబుతుంది గానీ ఏ రకమో చెప్పదు. పెట్టెల మీద ఎఫ్‌జీ అని ఉంటే పచ్చిక ఉన్న గట్టి నేలకు, ఎస్‌జీ అంటే తడి మెత్తటి నేలకు, ఏజీ అంటే కృత్రిమ పచ్చికకు, టీఎఫ్ అంటే పొట్టి రబ్బరు బుడిపెలతో పాత తరహా టర్ఫ్‌కు, ఐసీ అంటే గచ్చుకు, ఇండోర్ కోర్టుకు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ వివరాలకు ఖర్చుతో నేరుగా సంబంధం ఉంది. ఇక్కడి పాఠశాల, కాలేజీ మైదానాల్లో చాలావాటిలో పచ్చిక ఉండదు. మొరం, ఎండకు బండబారిన మట్టి ఉంటాయి. అలాంటి నేల మీద ఎఫ్‌జీ స్టడ్లు దిగవు. శరీరం బరువంతా పది పన్నెండు బుడిపెల మీదే నిలిచి అరికాలికి గుచ్చుకుంటుంది, స్టడ్లు త్వరగా అరుగుతాయి. హైదరాబాద్ వంటి నగరాల్లో గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫ్‌ల మీద కృత్రిమ పచ్చిక ఉంటుంది. ఈ రెండు చోట్లా టీఎఫ్ బూటే నయం. దాని రబ్బరు సోల్ మొత్తం పాదం కింద పరుచుకుంటుంది, గట్టి పలక ఉండదు, ధర తక్కువ, అడుగు భాగంలో వెడల్పూ సాధారణంగా ఎక్కువ. వెడల్పు పాదం, తక్కువ బడ్జెట్, మట్టి మైదానం ఈ మూడూ కలిసినవారు ముందుగా చూడవలసినది ఇదే.

దొరికే బూట్లు, ధరలు

వెడల్పు అక్షరాలతో ఫుట్‌బాల్ బూట్లు అమ్మే కంపెనీలు కొద్దే. బోస్టన్‌లో 1906లో మొదలైన న్యూ బ్యాలన్స్ కొన్ని మోడళ్లను 2ఇలో కూడా ఇస్తుంది. తోలుతో చేసే 442 వీటిలో తరచూ వినిపించే పేరు. జపాన్‌కు చెందిన ఆసిక్స్ డీఎస్ లైట్ వరసలో వెడల్పు రకం ఉంది. మిజునో మొరేలియా, అడిడాస్ కోపా వరస, ప్యూమా కింగ్, నైకీ టియెంపో తమ తమ కంపెనీల్లో కాస్త ఉదారమైన ఆకారాలుగా పేరుపడ్డాయి. వేగం కోసం రూపొందిన మోడళ్లు సాధారణంగా ఇరుకు. భారత మార్కెట్లో వెడల్పు రకాలన్నీ దొరకవు. విదేశాల్లో చదువుకునే, ఉద్యోగాలు చేసే బంధువులతో తెప్పించుకునేవారు ముందుగా అక్షరంతో పాటు ఏ దేశపు పద్ధతో కూడా రాసి పంపాలి.

పెద్ద కంపెనీలు ఒకే మోడల్‌ను నాలుగైదు మెట్లలో అమ్ముతాయి. ప్రసిద్ధ ఆటగాళ్లు వేసే పైమెట్టు జత ధర మన దగ్గర ఇరవై వేల రూపాయలు దాటవచ్చు. కింది మెట్లలో ధర తగ్గేకొద్దీ పైభాగం గట్టిపడుతుంది, పలక బరువెక్కుతుంది. పైమెట్టు బూటు వెడల్పుగా ఉందని కింది మెట్టుదీ అలాగే ఉంటుందనుకోకూడదు. వారాంతాల్లో ఆడేవారికి, కళాశాల జట్లవారికి మధ్యమెట్టు తోలు బూటు, లేదా కొత్త తరం రాగానే తగ్గింపులోకి వచ్చే కిందటి తరం బూటు డబ్బుకు తగ్గ ఫలితం ఇస్తాయి. రంగు తప్ప చాలాసార్లు వాటికి లోటేమీ ఉండదు.

దేశీయ తయారీకి కేంద్రం పంజాబ్‌లోని జలంధర్. దేశ విభజనలో సియాల్‌కోట్ నుంచి తరలివచ్చిన క్రీడా సామగ్రి పరిశ్రమ అక్కడ నిలదొక్కుకుంది. నీవియా, వెక్టర్ ఎక్స్ అక్కడి పేర్లే. వీటి బూట్లు వెయ్యి రూపాయల అటూఇటూ మొదలై రెండు మూడు వేల వరకు ఉంటాయి. పెట్టె మీద వెడల్పు అక్షరం ఉండదు కాబట్టి తొడిగి చూడక తప్పదు. ఫ్రెంచ్ సంస్థ డెకత్లాన్ వారి కిప్‌స్టా బూట్లు కూడా ఈ ధరల పరిధిలోనే మొదలవుతాయి; ఆ దుకాణాల్లో తొడుక్కుని నాలుగు అడుగులు పరుగెత్తి చూసే వీలుంది. ఆన్‌లైన్లో కొనేటప్పుడు ధరకన్నా ముందు తిరిగి ఇచ్చే షరతులు చదవాలి. స్టడ్లకు మట్టి అంటిన జతను సాధారణంగా వెనక్కి తీసుకోరు.

కొలిచే పద్ధతి

పాదం సాయంత్రానికి కొద్దిగా ఉబ్బుతుంది కాబట్టి అప్పుడే కొలవాలి. ఆటలో వేసుకునే మేజోళ్లు తొడుక్కుని, గట్టి నేల మీద కాగితం పరిచి, రెండు కాళ్ల మీద బరువు సమంగా వేసి నిలబడాలి. పెన్సిలును నిటారుగా పట్టి మరొకరు గీత గీయాలి. వంచి పడితే గీత పాదం కిందికి పోయి కొలత తగ్గుతుంది. మడమ నుంచి పొడవైన వేలి కొస వరకు పొడవు. అది బొటనవేలే కానక్కర్లేదు, కొందరికి రెండో వేలు పొడవు. వేళ్ల మొదళ్ల దగ్గర రెండు వైపుల ఎముకల ఉబ్బుల మధ్య వెడల్పు. అదే చోట టేపుతో చుట్టుకొలత. రెండు పాదాలకూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

దుకాణంలో అన్నిటికన్నా నమ్మదగిన పరీక్షకు పైసా ఖర్చు లేదు. బూటు లోపలి ఇన్సోల్‌ను బయటికి తీసి నేల మీద పెట్టి, దాని మీద నిలబడాలి. పాదం అంచు ఇన్సోల్ దాటి రెండు వైపులా కనిపిస్తే ఆ బూటు ఇరుకు. ముందు అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు వరకు మిగలడం మంచిది. తర్వాత బూటు తొడిగి లేసులు కట్టాక రెండు అంచుల మధ్య దూరం చూడాలి. లేసు రంధ్రాల వరసలు ముందువైపు బాగా విడిపోయి ఉంటే పాదం ఎక్కువ చోటు అడుగుతోందని అర్థం. మునివేళ్ల మీద లేచి నిలబడినప్పుడు మడమ జారకూడదు, నిలబడినప్పుడు వేళ్లు ఒకదానిమీదొకటి ఎక్కకూడదు.

సర్దుబాట్లు

బూటు కొద్దిగా బిగుతుగా ఉంటే లేసు కట్టే తీరుతో కొంత సాయం దొరుకుతుంది. వేళ్ల వైపు మొదటి రంధ్రాల జతను వదిలేసి రెండో జత నుంచి లేసు మొదలుపెడితే ముందుభాగం విచ్చుకుంటుంది. నొప్పి ఒక్కచోటే ఉంటే ఆ చోట లేసును అడ్డంగా వేయకుండా నిలువుగా పైకి తీసుకుపోవాలి. మడమ జారేవారు పై రంధ్రాల దగ్గర చిన్న ఉచ్చు వేసి దానిలోంచి లేసు లాగి బిగిస్తే మడమ నిలుస్తుంది. మందపాటి ఇన్సోల్ స్థానంలో పలుచటిది వేస్తే పైకి రెండు మూడు మిల్లీమీటర్ల చోటు వస్తుంది.

తోలు బూటును సాగదీయడానికి చర్మకారుల దగ్గర మరతో విచ్చుకునే కొయ్య అచ్చు ఉంటుంది. బునియన్ ఉన్న చోట ఒక్క బిందువులో ఉబ్బు తేవడానికి కూడా దానికి బుడిపెలు తగిలిస్తారు. తడిపిన మేజోళ్లతో తోలు బూటు తొడుక్కుని ఇంట్లో అరగంట నడవడం పాత పద్ధతి, అది పనిచేస్తుంది. మరిగే నీళ్లు, హెయిర్ డ్రయ్యర్ వేడి మాత్రం జిగురును వదులు చేసి సోల్‌ను ఊడదీస్తాయి. కృత్రిమ పైభాగానికి ఈ పద్ధతులేవీ పెద్దగా పనికిరావు.

ఆడవారి బూట్లు, పిల్లల బూట్లు

ఆడవారి పాదం మగవారి పాదానికి చిన్న నమూనా కాదు. సాధారణంగా ముందుభాగంతో పోలిస్తే మడమ సన్నగా ఉంటుంది. అయినా దశాబ్దాలపాటు ఆడవారికి దొరికినవి మగవారి అచ్చు మీద చేసిన చిన్న సైజులే. ఆడవారి పాదం కోసమే బూట్లు చేసే ఐడా స్పోర్ట్స్ ఆస్ట్రేలియాలో మొదలైంది. 2023 మహిళల ప్రపంచ కప్ ఏడాదిలో నైకీ ఫాంటమ్ లూనాను తెచ్చింది. మన దగ్గర అమ్మాయిలు ఇప్పటికీ అబ్బాయిల సైజులతోనే సరిపెట్టుకుంటున్నారు. మైదానంలోకి వచ్చే అమ్మాయిల సంఖ్య పెరుగుతున్నప్పుడు ఈ లోటు అన్నిటికన్నా ముందు తీరాలి. అప్పటివరకు ముందు వెడల్పున్న జత తీసుకుని మడమను లేసు ఉచ్చుతో బిగించుకోవడమే దారి.

పిల్లల పాదాలు ఏడాదిలో ఒకటి రెండు సైజులు మారవచ్చు. రెండేళ్లు వస్తుందని పెద్ద బూటు కొనివ్వడం, అన్న బూట్లు తమ్ముడికి తొడగడం మన ఇళ్లలో మామూలే. బూటులో వేళ్ల ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉంటే చాలు. అంతకన్నా వదులైతే పిల్లవాడు వేళ్లతో బూటును పట్టి ఉంచడానికి ప్రయత్నిస్తాడు. ఇతరులు వాడిన బూటులో ఇన్సోల్ అప్పటికే వారి పాదానికి తగ్గట్టు అణిగి ఉంటుంది. అందుకే స్టడ్లు అరగలేదన్న ఒక్క కారణంతో దాన్ని తొడగకూడదు, ఇన్సోల్ మార్చి నడిపించి చూడాలి. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య ఆడే పిల్లల్లో మడమ వెనక వచ్చే నొప్పి ఎక్కువసార్లు ఎదిగే ఎముక మీది ఒత్తిడి వల్ల వచ్చే సెవర్స్ సమస్య. గట్టి నేల మీద పొట్టి స్టడ్లున్న బూట్లు, కొన్నాళ్ల విశ్రాంతి దానికి ఉపశమనం.

సంరక్షణ

తడిసిన తోలు ఎండలో ఆరితే బిగుసుకుపోతుంది, అప్పటివరకు సాగిన వెడల్పు కొంత పోతుంది. ఆట కాగానే మట్టి దులిపి, ఇన్సోల్ బయటికి తీసి, లోపల వార్తాపత్రిక కాగితాలు ఉండలు చుట్టి దట్టంగా కూరి నీడన పెట్టాలి. కాగితం తేమ పీల్చుకోవడంతో పాటు ఆరేంతవరకు అచ్చులా లోపల నిలబడుతుంది. వేళ్ల మొదళ్ల దగ్గర రెండు పక్కలా ఎక్కువ కాగితం పెడితే మర్నాటికి బూటు ఆ పాదం వెడల్పులోనే ఆరి ఉంటుంది.